తాత చెప్పిన జవాబు

మా ఆయన పుత్తూరు పక్కన పల్లెలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏడో తరగతి చదివే మా మనవరాలు హాసిని నాయుడుపేటలో ఉంటుంది. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి తాత దగ్గర లెక్కలు చెప్పించుకునేది.

పోయిన వానాకాలంలో దశాంశాల భాగహారం మొదలుపెట్టారు. "కింద చుక్కని ఎంత జరిపితే పైన కూడా అంతే జరపాల అమ్మణ్ణీ" అని ఆయనే నేర్పించారు. మరుసటి రోజు 7.2ను 0.9తో భాగించాలి. ఆయన 0.9ని 9 చేసి, 7.2ను అట్లాగే వదిలేసి, జవాబు 0.8 అన్నారు.

"తాతా, రెండిట్లోనూ జరపాలని నిన్న నువ్వే చెప్పినావు కదా. ఎనిమిది వస్తాది" అంది హాసిని.

"నేను యాడ చెప్పినాను? లెక్కలు చెప్పి తల నెరిసినోణ్ణి, నాకే నేర్పిస్తావా?"

ఆయన ఏనాడూ పిల్లను కసిరిన మనిషి కాదు. కాసేపు ఫోన్లోకి చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "ఈ పాప ఎవురు? ఏ క్లాసు?"

ఆ మాట హాసిని కూడా వినింది.

"ఏడో తరగతి సార్. 0.8 అని రాసుకుంటా" అని తల వంచుకుని రాసుకుంది.

బళ్లో మేడం ఆ లెక్క తప్పని కొట్టేసిందట. "తెలిసీ ఎందుకు రాస్తివి?" అని అడిగాను.

"తాత చూస్తా ఉన్నాడు కదవ్వా."

ఇది తగ్గే మతిమరుపు కాదని తిరుపతి డాక్టరు చెప్పారు. ఇప్పుడు ఆయనకు హాసిని పేరు గుర్తుండదు. అయినా సాయంత్రం ఫోన్ మోగితే, "పిల్లోళ్లు వచ్చినారు" అంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటారు.