మంగళవాడ బావికి గోడ

మా నాయన హనుమంతరాయప్ప ఇంటర్మీడియట్ కాలేజీ ప్రిన్సిపాల్. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన ఇంగ్లీషును, పాఠం చెప్పే తీరును పొగుడుతారు. నాకు మాత్రం మంగళవాడ బావి దగ్గర నిలబడిన మనిషే గుర్తొస్తాడు.

"చదువుకున్నోడు ఊరికేం చేసినాడని అడిగితే చెప్పుకోను ఒకటన్నా ఉండాల," అని విద్యార్థులతో ఎప్పుడూ అనేవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం సెలవుల్లో కొందరిని వెంటబెట్టుకుని, పావగడ తాలూకాలోని మా సొంతూరు మంగళవాడకు వచ్చాడు. నేనూ వెంట ఉన్నాను.

ఊరికి తాగునీళ్ళు ఒక్క దిగుడుబావివే. నారికురుపు లేచిన కాళ్ళతోనే జనం అందులో దిగి బిందెలు ముంచేవారు. ఆ కురుపులోని దారంలాంటి పురుగు ఆ నీళ్ళ ద్వారా ఇంకొకరికి పట్టేది. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకతో నీళ్ళు చేదుకునేలా చెయ్యాలని నాయన పట్టుదల. అదంతా వానలు పడి బావి నిండేలోగానే కావాలి.

మా వీధిలో పెద్దామె సుంకులమ్మ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. "ఇది మూస్తే బాలింతలు గంగమ్మను యాడ మొక్కల్లప్పా? మీ కాలేజీలోనా?" అంది.

బిడ్డ పుట్టినాక తల్లి కింది మెట్టుదాకా దిగి, పసుపు కుంకుమ పెట్టి, బిందె ముంచుకుని రావడం మా ఊరి ఆచారం. ఊరంతా సుంకులమ్మ పక్షమే అయింది.

విద్యార్థుల్లో రామాంజినప్ప దుడుకువాడు. "తాలూకా కచేరీలో అమల్దారు దగ్గర ఆర్డరు తెస్తే సరిపోతాది కద సార్," అన్నాడు.

"తెస్తాం, కడతాం. మనం బండెక్కినాక వీళ్ళు పీకేస్తారు. బావి వాళ్ళది. పోయి ఇండ్లల్లో కూర్చోండి, మాట్లాడండి, కురుపులు కడిగి కట్లు కట్టండి. వాళ్ళు సరే అనేదాకా రాయి కదిలించేది లేదు," అన్నాడు నాయన.

"గోడ కట్టేదానికి కాదు, సంగటి తినేదానికి వచ్చినట్టుండారే ఈ పిల్లోళ్ళు," అని మా పక్కింటి నరసక్క నవ్వేది. నవ్వుతూనే ఇంకో ముద్ద పెట్టేది. ఆకాశంలో మబ్బులు కనబడసాగాయి. నాయన తొందరపడలేదు.

అంతలో సుంకులమ్మ కోడలు, బాలింత నాగక్క బావిలో గంగమ్మను మొక్కాల్సిన రోజు వచ్చింది. ఆమె చీలమండ వాచి, పురుగు సగం బయటికి వచ్చి ఉంది. రెండు మెట్లు దిగి, నొప్పికి తాళలేక కూలబడింది. ఆడవాళ్ళెవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

నాయన బిందెకు తాడు కట్టి బావిలోకి వదిలాడు. నీళ్ళు చేది తెచ్చి సుంకులమ్మ ముందు పెట్టాడు. "అత్తా, ఇవీ గంగమ్మ నీళ్ళే కదా. ఈడ మొక్కితే ఆయమ్మ వద్దంటాదా?"

సుంకులమ్మ కోడలి వాచిన కాలిని చూసింది. బిందెకు తానే పసుపు పూసింది. "గంగమ్మే పైకొచ్చినాదిలే. ఇంగ మూసుకోండప్పా. పై మెట్టొకటి ఉండనీ, బిడ్డతల్లులు నిలబడేదానికి."

ఆ మెట్టు వదిలేసి గోడ లేపారు. రాళ్ళు మోయడానికి విద్యార్థులతో పాటు ఊరివాళ్ళూ వచ్చారు. మొదటి వాన కొత్త గోడ మీదే పడింది.

మరుసటి ఎండాకాలం నాయన జ్వరంతో మంచం పట్టాడు. ఆయన చెప్పకుండానే విద్యార్థులు అదే తాలూకాలోని తిరుమణికి పోయి అక్కడి దిగుడుబావికీ గోడ కట్టి వచ్చారు.

"ముందు ఏం చేసినారప్పా?" అని నాయన అడిగాడు.

"ఇండ్లల్లో కూర్చున్నాం సార్," అన్నాడు రామాంజినప్ప. "అమల్దారు ఊసే ఎత్తలేదు."

నాయన లేచి కూర్చుని అందరికీ కాఫీ పెట్టమన్నాడు. ఆ రోజు మా ఇంట్లో లోటాలు చాలలేదు.