పిలిచేవాడి పోస్టు

మా పెదనాన్న భూమి కేసు ఇవాళ కొద్దిలో పోయేది.

ఫ్యాక్టరీకి లీవు పెట్టి, ఇస్నాపూర్ నుంచి ఆయన్ని సంగారెడ్డి కోర్టుకు తీసుకెళ్లాను. పాత కేసులు తొందరగా తేల్చడానికి ప్రభుత్వం కొత్త కోర్టు పెట్టింది. కొత్త హాలు, కొత్త ఫ్యాన్లు, కొత్త జడ్జిగారు. పెదనాన్న చెప్పులు మెట్ల కింద విడిచి, వరండాలో భక్తిగా కూర్చున్నాడు.

మూడు పిలుపులకు పలక్కపోతే కేసు కొట్టేస్తారు. చెవులు రిక్కించి కూర్చున్నాం. ఎక్కడో దూరంగా, లారీ హారన్ల మధ్య, ఆయన పేరులాంటిదేదో వినబడింది. చూస్తే అటెండరు ఆవరణకు అవతలి కొసనున్న పాత కోర్టు వరండాలో నిలబడి పిలుస్తున్నాడు!

"ఉన్న సారూ, ఉన్న!" అని అరుస్తూ పెదనాన్న వట్టి కాళ్లతో కంకర మీద ఉరికాడు. అప్పటికే అది మూడో పిలుపు.

"గీడ్నించి పిలుస్తె గాడ ఎట్లినవడ్తదయ్యా?" అని రొప్పుతూ నిలదీశాడు.

"నేనేం జెయ్యాలె పెద్దాయనా? జడ్జి సారు పోస్టొచ్చింది, బిల్డింగొచ్చింది. పిలిచేటోని పోస్టే రాలే. రెండు కోర్టులకు నేనొక్కన్నే. జల్దీ కొత్త కోర్టులకు పో!"

లోపల వాయిదా వేశారు. బస్సులో పెదనాన్న అరికాలు తుడుచుకుంటూ అన్నాడు: "మల్ల పేషీకి నువ్వు పాత కోర్టు కాడ నిలవడు. పిల్వంగనే నాకు చెయ్యూపు."

అంటే సర్కారు మంజూరు చేయని పోస్టులో నేను చేరిపోయాను. జీతం లేదు, పైగా నా లీవులే ఖర్చు. ఈ ఉద్యోగం మీలో ఇంకెంతమంది చేస్తున్నారు?