ఉప్పునీళ్లకు ఫైబర్ గోడ

పెళ్లైన కొత్తలోనే మా ఆయనా నేనూ సూర్యాపేటలో ఫైబర్ పని మొదలుపెట్టాం. నీళ్ల ట్యాంకులు, బాత్‌రూమ్ తలుపులు, దుకాణాల ముందు ఎండకు వేసే రేకులు చేసేవాళ్లం. ఆయన అచ్చు తయారుచేసి రెసిన్ జిగురు కలిపితే, నేను గాజు పీచు కత్తిరించి పరిచేదాన్ని. ఆ పీచు ఒంటికి తగిలితే ఒకటే దురద. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుని, ఎవరి చేతులు వాళ్లు గోక్కుంటూ అన్నం తినేవాళ్లం.

తొంభైల చివర్లో సముద్రం ఒడ్డు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కోదాడలో కూతురింట్లో మేం చేసిన ట్యాంకు చూశాడట.

"అమ్మాయ్, ఇది ఉప్పునీళ్లలో తుప్పు పట్టుద్దా?"

"ఇనుమైతే పడ్తది. గిది ఫైబర్ గదా, ఏం కాదు."

"అయితే నాకు ట్యాంకు వద్దు. గోడ కావాలి."

అప్పుడు కూర్చుని సంగతంతా చెప్పాడు. వాళ్ల ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి ఉండేదట. రొయ్యల చెరువుల కోసం కొట్టేశారు. తర్వాత తుఫానుకు కట్ట తెగి, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు పొలాల దాకా వస్తున్నాయి. ఊరివాళ్లు మళ్లీ మడ మొక్కలు నాటారు గానీ, గండిలోంచి వచ్చే ఉరవడికి అవి వేళ్లు పట్టకముందే కొట్టుకుపోతున్నాయి. కొయ్య గుంజలు పాతితే నీటి పురుగు తినేసింది. అందుకని ఒకదానికొకటి కొక్కెంలా తగులుకునే రేకులు బురదలోకి దింపి, గండికి అడ్డం వేద్దామని ఆయన ఆలోచన.

మా అత్తమ్మది తిరుమలగిరి పక్క పల్లె. బోరు వేయించడం, ఎండిపోవడం చూస్తూ పెరిగిన మనిషి. అంతా విని నోరు వెళ్లబెట్టి కొడుకు వైపు తిరిగింది.

"నీళ్లు రాకుంట గోడనా? మా దిక్కు నీళ్లు రాక సస్తున్నం గదరా!"

పెద్దాయన పడీపడీ నవ్వాడు. ఆర్డరు మాత్రం ఖాయమైంది.

ముందు కోదాడ పక్కనున్న అనంతగిరి దగ్గర ఒక చెరువు అంచున దింపి చూశాం. మొదటి సుత్తి దెబ్బకే రేకు తల పగిలింది. మా ఆయన మొహం చూడలేకపోయాను. రేకు పైన కొయ్య దిమ్మె తొడిగి మళ్లీ కొట్టాం. ఈసారి పగల్లేదు గానీ, సగం దిగి మొండికేసింది. ఎంత కొట్టినా కదల్లేదు. చివరికి విసిగిపోయి, పక్కనే ఉన్న రైతు మోటారు పైపు తీసుకుని మా ఆయన కాళ్ల బురద కడుక్కోసాగాడు. ఆ నీళ్ల ధార రేకు మొదట్లో పడుతోంది. నేను దిమ్మె మీద చేయి వేసి నిలబడ్డాను, అంతే, ధారకు అడుగు మట్టి వదులై రేకు సర్రున కిందికి జారింది.

"ఏమయ్యా, దిగుతున్నదే!" అని అరిచాను.

"ఆగు, కదలకు!" అంటూ ఆయన పైపు అక్కడే గుచ్చి పట్టుకున్నాడు. ఆ సంతోషంలో రెండో కాలు కడుక్కోవడం మరిచిపోయి, అట్లాగే బస్సెక్కాడు.

లారీలో రేకులు వేసుకుని పెద్దాయన ఊరికి వెళ్లాం. సముద్రం చూడటం మాకు అదే మొదలు. నీళ్లు లేని బురద నేల కనిపిస్తే, పని ఎంత సులువో అనుకున్నాం. సుత్తులు, దిమ్మెలు, తాళ్లు అక్కడే పెట్టి భోజనానికి పోయాం. పీతల పులుసు తిని తీరిగ్గా వచ్చేసరికి బురద లేదు. అంతా నీళ్లే. కొయ్య దిమ్మెలు దూరంగా తేలుతూ పోతున్నాయి.

"పోటొస్తుందని చెప్పాను కదమ్మా!" అన్నాడు పెద్దాయన.

"చెప్పిండ్రు. వాన లెక్క ఎప్పుడో ఒకపారి వస్తదేమో అనుకున్నం."

ఊరివాళ్లు నవ్వుతూనే పడవ వేసుకెళ్లి దిమ్మెలు తెచ్చిచ్చారు. ఆ తర్వాత వాళ్లు ఎప్పుడు దిగమంటే అప్పుడు దిగాం, ఎప్పుడు ఎక్కమంటే అప్పుడు ఎక్కాం. రేకు పక్కన రేకు తగిలించి, పైపుతో నీళ్లు కొట్టి దింపి, రెండు వైపులా బంకమట్టి వేశాం. మడకు ఉప్పునీళ్లు కూడా కావాలట. అందుకని నడుమ కొన్ని రేకుల్ని ఇంకాస్త లోతుకు దించి, పోటు మెల్లగా వచ్చిపోయేలా వదిలాం. గోడ పూర్తయ్యాక వచ్చిన మొదటి పోటుకు ఊరంతా కట్ట మీదే ఉంది. గోడ దగ్గరికి వచ్చి నీళ్లు నెమ్మదించాయి. రేకులు లోతుకు దించిన చోటు నుంచి పల్చగా లోపలికి పారాయి. మొక్కలు ఊగాయి గానీ ఒక్కటీ పెకలలేదు. మా ఆయన నా వైపు చూసి, చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం. మడ మొక్కలు నడుం దాటి పెరిగాయి. వాటి వేళ్ల మధ్య ఎర్ర పీతలు పరుగులు పెడుతున్నాయి. గోడ పొడవునా కొంగలు వరసగా కూర్చుని, మెరిసే మా రేకుల్ని తెల్లగా పాడుచేశాయి.

"అరె, ఏం ఖరాబు చేసినయే!" అని మా ఆయన వాపోయాడు.

"కూసోనీయి. వాటికి గూడ జాగ కావాలె గదా," అన్నాను.

పెద్దాయన మాకు కొబ్బరిబొండాలు కొట్టించి, అవతలి ఊరి కట్టకూ గండి పడిందని మాటల్లో చెప్పాడు. మేం బొండాం తాగడం కూడా కాకముందే, ఆ ఊరి పడవ మా కోసం ఒడ్డుకు వచ్చి ఆగింది.