మాస్టారికి నేను కట్టిన తెల్ల బెల్టు

నిన్న మా మనవడి కొత్త కరాటే బట్టలు విప్పుతుంటే గంజి వాసన గుప్పుమంది. బెల్టు కట్టమని వాడు ఎదురుగా నిలబడ్డాడు. ముడి వేయడానికి వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. నడుం పట్టేసిందనుకుని కోడలు పరుగెత్తుకొచ్చింది. నాకు ఎర్రయ్య మాస్టారు గుర్తొచ్చారని ఆమెకు చెప్పలేదు.

ఎర్రయ్య మాస్టారిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లె. మా ప్రాంతంలో రంగం అని పిలిచే రంగూన్‌కి ఆయన చిన్నతనంలోనే వెళ్ళి, ఓడరేవులో మూటలు మోస్తూ ఒక జపాను ఆయన దగ్గర కరాటే నేర్చుకున్నారు. అక్కడ బతుకు లేక తిరిగొచ్చి, విజయనగరంలో ఒక గోనెసంచుల గోదాముకు కాపలా ఉండేవారు. తెల్లవారుజామున ఆ గోదాము ముందున్న సిమెంటు గచ్చు మీద మాకు నేర్పేవారు. నేనప్పుడు కాలేజీలో ట్యూటర్ని. పిండి సంచుల గుడ్డతో బట్టలు, మంచాలకు అల్లే నవారుతో బెల్టులు కుట్టించుకునేవాళ్ళం. గచ్చు మీద ఆయన నన్ను "ఒరే" అనేవారు, గచ్చు దిగితే "బాబూ" అనేవారు. మూడు నెలలు నిలబడటమే నేర్పారు.

"కొట్టడం ఎప్పుడు మాస్టారూ?" అని అడిగాను.

"ముందు నిలబడరా. ఆ కాళ్ళేటి, కొంగ కాళ్ళు! పిల్లగాలి కొడితే పడిపోతావు."

అరవైల చివర్లో ఒకరోజు ఆయనే అన్నారు: "కలకత్తాలోన, బొంబాయిలోన ఇలా నేర్పేటోలు ఉన్నారంట బాబూ. దేశమంతటికీ ఒకటే సంఘం ఉంటే బాగుంటాది. నాకు ఇంగిలీసు రాదు, నువ్వు రాయి."

ఉత్తరాలు రాశాను. జవాబులు వచ్చాయి. సంఘం నియమాలు కూడా నేనే రాశాను. సర్టిఫికెట్ లేనివారు ఎంత నేర్చినవారైనా తెల్ల బెల్టు నుంచి మొదలుపెట్టాలన్నది అందులో ఒకటి. మాస్టారికి ఆ జపాను గురువు కాగితమేదీ ఇవ్వలేదని నాకు తెలుసు. ఆయన ఒక్కరికీ మినహాయింపు ఉండాలని సభలో చెబుదామనుకున్నాను.

సభ మా ఊళ్ళోనే జరిగింది. నాలుగు రాష్ట్రాల నుంచి ప్రతినిధులు వచ్చారు. కలకత్తా ఆయన మాస్టారి వైపు చూసి, ఈయన సర్టిఫికెట్ ఏదని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. ఇంకో గంటలో నన్ను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకోవలసినవాళ్ళు వాళ్ళే. నియమం అందరికీ ఒకటేనని జవాబిచ్చాను.

"ఏటంటన్నాడు బాబూ?" అన్నారు మాస్టారు. చెప్పాను.

"అయితే నానూ తెల్ల బెల్టే కదా. కట్టు మరి."

కొత్త సభ్యుడికి కార్యదర్శి బెల్టు కట్టాలన్నదీ నేను పెట్టిన పద్ధతే. ఎన్నిక అయిపోగానే ఆయన ముందు వంగాను. మొదటి ముడి వదులుగా పడింది.

"గట్టిగా కట్టు, జారిపోతాది," అని మెల్లగా అన్నారు. ముడి పడ్డాక నాకు వంగి నమస్కరించి, "సార్" అన్నారు.

మర్నాడు ఎప్పటిలాగే గచ్చు ఊడ్చి, చివరి వరసలో పిల్లల పక్కన నిలబడ్డారు. కార్యదర్శిని కాబట్టి పాఠం నేను చెప్పాను. పై బెల్టు పరీక్షకు రమ్మంటే, "మా గురువు ఒకపాలి పరీచ్చ సేసేసినాడు సార్, సాలు," అన్నారు. మళ్ళీ నన్ను ఎన్నడూ "ఒరే" అనలేదు. సంఘం పెరిగింది. రాష్ట్రరాష్ట్రానా శాఖలు వచ్చాయి. ప్రతి ఏడూ సభలో ఆ తెల్ల బెల్టు నియమానికి మినహాయింపుగా ఒక్క వాక్యం చేర్చే అధికారం నాకుంది. చేర్చాలంటే ఎందుకో చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆయన పోయిన రోజు పత్రికవాళ్ళు ఆయన ఇంటికి వచ్చారు. మాస్టారి భార్య నన్ను పక్కకు పిలిచింది.

"ఆయనది ఏ బెల్టని అడుగుతన్నారు బాబూ. నాకేటి తెలుస్తాది? నువ్వే కదా పెద్దోడివి, నువ్వు సెప్పు."

గుమ్మంలో నా శిష్యులు నిలబడి వింటున్నారు.

"రికార్డులు చూసి చెబుతానమ్మా," అన్నాను.

ఆమె తలూపి, చూసి చెప్పు బాబూ అని లోపలికి వెళ్ళింది. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. నేనింకా చెప్పలేదు.