మూడో కుప్ప

పాతికేళ్లుగా మిరపకాయలేరుతున్న పున్నమ్మ చూపుకు తిరుగులేదు. నల్లపాడు దగ్గర కల్లంలో కూర్చుందంటే ఎర్రకాయ కుడివైపు కుప్పలోకి, తెల్లబోయిన తాలుకాయ ఎడమవైపు కుప్పలోకి పోవాల్సిందే. అలాంటి మనిషిని ఇంగ్లిష్ మాటలు తికమకపెట్టి చంపాయి.

నలభై అయిదో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఫెబా టీచర్ పాఠం చెప్పేది.

"మనిషినో వస్తువునో వర్ణిస్తే అడ్జెక్టివ్, పని ఎలా జరిగిందో చెబితే అడ్వెర్బ్. అంతే పిన్నీ," అంది ఫెబా, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా.

పున్నమ్మ తన పద్ధతిలో ఏరడానికి దిగింది. చివర 'లీ' అనే తొడిమ ఉంటే అడ్వెర్బ్, లేకపోతే అడ్జెక్టివ్. 'స్లోలీ' కుదిరింది. 'ఫ్రెండ్లీ'కి తొడిమ ఉన్నా అది మనిషిని వర్ణిస్తుందట. 'ఫాస్ట్'కి తొడిమే లేదు, అయినా రెండు కుప్పల్లోనూ తిరుగుతుందట.

"ఇదెక్కడి సరుకే తల్లీ!" అని పుస్తకం విసిరికొట్టింది.

మరుసటి ఆదివారం ఫెబా పది విడి మాటలిచ్చి, రెండు గళ్లలో సర్దమంది. పున్నమ్మ గీత గీసి మూడో గడి చేసింది. కల్లంలో తేలని కాయల్ని మేస్త్రి కోసం విడిగా పోయడం అలవాటు కదా. ఏడు మాటలు అందులోనే పడ్డాయి.

"ఇదేంటి పిన్నీ?"

"నాకు తేలనివి. ఇక్కడ మేస్త్రివి నువ్వేగా, చూసి చెప్పు."

అందులో మొదటి మాట 'ఎర్లీ'. ఫెబా పెన్ను కుడికి పోయింది, ఎడమకి వచ్చింది, కాసేపు గాల్లో ఆగింది. చివరికి పున్నమ్మ పోసిన చోటే టిక్కు పెట్టింది.