నా నిద్ర కాగితం

మూడు వారాల కిందట గర్భం పోయినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అనంతపురంలో చూపించుకుంటే, కౌన్సెలింగ్ చేసే మేడం మాత్రలు వద్దన్నారు. ఎన్ని గంటలకు పడుకున్నానో, నిద్ర పట్టనివ్వని ఆలోచన ఏమిటో, అది ఎంతవరకు నిజమో రోజూ కాగితం మీద రాయమన్నారు.

ఈ రోజు మా ఆడబిడ్డ ఆ కాగితం తీసి చుట్టాల ముందు పైకి చదివింది.

“‘మళ్లీ నిలవదేమో’ అని భయమంట! చేన్లో చాకిరీ చేసేటోళ్లకు ఈ రోగం యాడన్నా ఉండాదా?” అని నవ్వింది.

ఒళ్లు మండి కాగితం లాక్కున్నాను.

“నాకు కడుపు పోయిన దినం గూడా నువ్వు సుఖంగా నిద్రపోయినావు వదినా. అట్లాంటి నిద్ర నాకొద్దు” అన్నాను.

నోరు జారావని మా ఆయన ఇప్పటికీ గొణుగుతున్నాడు. జారలేదు, తెలిసే అన్నాను. మీరైతే ఊరుకునేవారా?