ముందు ఏ చెయ్యి

పిల్లల నరాల వైద్యంలో శిక్షణ పొందుతున్న ఆ డాక్టరమ్మ, కుర్చీ ఉన్నా పిల్లల ఎదుట నేలమీదే కూర్చునేది. మణుగూరు నుంచి మనవరాలిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, పదిహేడు మూర్ఛల తారీఖులు, నిమిషాలు రాసిన పుస్తకం ఆమెకిచ్చాను.

“మంచిగ రాసినవ్ అమ్మమ్మా. ముందుగాల ఏ చెయ్యి గుంజింది?”

నాకు తెలియదు. ప్రతిసారీ నేను గడియారాన్నే చూశాను. అది ఒప్పుకోలేక, “నేర్చుకునే పిల్లవు, నీకేం ఎరుక? పెద్దసారును పిలువు” అన్నాను.

ఆయన వచ్చి, “ముసలామెను గిట్ల సతాయిస్తరా?” అని అందరి ముందూ ఆమెను కసిరాడు. ఆయన వెళ్లాక, “ఈసారి చూడు అమ్మమ్మా” అందామె మెల్లగా.

తర్వాతి మూర్ఛలో చూశాను. ముందు గుంజింది ఎడమ చెయ్యి. చెబుదామని వెళ్లేసరికి ఆమె శిక్షణ ముగిసి వెళ్లిపోయింది. కొత్త డాక్టరు విని, మూర్ఛ మెదడులో కుడిపక్కన మొదలవుతోందని మందు మార్చాడు; మూర్ఛలు తగ్గాయి.

తెలియదని ఆ రోజే ఒక్క మాట అని ఉంటే, ఆమెకు ఆ తిట్లు తప్పేవి.